ఎలుకలకి పనిచేసిందట

మార్చి 4, సోమవారం

ఇవాళ అక్క పొట్టలోంచి మళ్ళీ నీళ్ళు తీశారు. మూడు లీటర్ల పైచిలుకు. సీసా నిండుతుంటే అక్క నావైపు తిరిగి, "ఇన్ని నీళ్ళు నేనెప్పుడు తాగానురా?" అంది. నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అక్క బుద్ధెరిగాక మందు చుక్క ముట్టని మనిషి. ఒంటిని కాపాడాల్సిన రక్షణే తిరగబడి లివరును తినేస్తోందట, కంచే చేను మేసినట్టు. మందుల వరస అయిపోయింది, ఇక ఎవరైనా తమ లివరులో ముక్క కోసి ఇవ్వాల్సిందేనన్నాడు డాక్టరు. బావకి షుగరు. మేనకోడలి రక్తం గ్రూపు కలవలేదు. మిగిలింది నేను.

బయటికొచ్చాక బావ ఆసుపత్రి మెట్ల మీద చతికిలబడి, "ఇంటిల్లిపాదిలో పనికొచ్చే లివరు నీ ఒక్కడి దగ్గరే ఉందంటోయ్. పైవాడికి వేళాకోళం మరీ ఎక్కువైంది" అన్నాడు. అన్నాక నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. ఆయన వేళ్ళకి సూది గుచ్చుకున్న మచ్చలు. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్ తొక్కుతున్నాడు.

ఇంటికొచ్చి రెండు పెగ్గులు వేశాను. మామూలుగా అయితే నాలుగు. మా ఆవిడ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 11, సోమవారం

రోజంతా ఆసుపత్రిలోనే. పదకొండు గొట్టాల రక్తం తీశారు. ఇరవై ఏళ్ళుగా ల్యాబులో ఊళ్ళోవాళ్ళ రక్తం యంత్రంలో పెట్టి అంకెలు తీసేవాణ్ణి, నా రక్తం తీస్తుంటే తల తిప్పుకున్నాను.

తర్వాత కోఆర్డినేటర్ గదిలోకి పిలిచింది. దాతల వ్యవహారమంతా చూసేది ఆవిడే. కళ్ళజోడు ముక్కు మీదికి జారినా సర్దుకోదు.

"తాగుతారా?"

"అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడు అంటే?"

"పెళ్ళిళ్ళూ పేరంటాలూ అయితేనండి."

ఆవిడ నా రిపోర్టు చూసి, "మీ చుట్టాల్లో పెళ్ళిళ్ళు ఎక్కువేనన్నమాట" అంది.

గ్రూపు కలిసింది. లివరు సైజు సరిపోయింది, రక్తనాళాలు కూడా బాగున్నాయట. కాకపోతే కొవ్వు పట్టింది. రెండు నెలలు చుక్క ముట్టకుండా ఉండి, నాలుగు కిలోలు తగ్గితే ఆ కొవ్వు పోతుందట. మే 13న మళ్ళీ పరీక్షలు. బాగుంటే ఆ వెంటనే ఆపరేషన్.

"రెండు నెలలు. అంతే. మీ అక్కయ్యగారికి అంతకు మించి టైము లేదు" అంది ఆవిడ.

మానేస్తానని మాటిచ్చాను. కాగితం మీద సంతకం కూడా పెట్టాను. అక్కకి చెప్తే రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. అరచేతులు పసుపు పూసినట్టున్నాయి. "నీ లివరు మొండిదిరా చిన్నోడా. నీకు మల్లే" అంది.

మార్చి 14, గురువారం

మూడు రోజులైంది. నిద్ర లేదు. చెమటలు. అక్షరాలు ఎలా పాకుతున్నాయో ఈ పేజీ చూస్తేనే తెలుస్తోంది.

మార్చి 16, శనివారం

రెండే.

మొదటి వారం ఒళ్ళు అలవాటు పడాలి కదా. రేపటి నుంచి లెక్క.

మార్చి 18, సోమవారం

టానిక్‌గాడి మందులషాపుకి వెళ్ళాను. స్కూల్లో వాడు నా పక్క బెంచీ. వాళ్ళ నాన్న షాపులోంచి టానిక్ సీసా తెచ్చి మా అందరికీ మూత మూత పోసి అమ్మేవాడు, ఆ పేరు ఊళ్ళో అలా నిలిచిపోయింది.

విషయం చెప్తే వాడు వెనక అరలోంచి ఆకుపచ్చ డబ్బా తీశాడు. ఏదో ముళ్ళమొక్క గింజల సారమట, పసుపు సారమట, గ్రీన్ టీ సారమట, అన్నీ కలిపి ఒకే గొట్టం మాత్రలో. "ఇది లివరుకి గొడుగురా. తాగేవాళ్ళందరూ ఇదే పట్టుకెళ్తారు. తాగే ముందొకటి, తర్వాతొకటి."

"నేను మానేశాను."

"మానేస్తే మరీ మంచిది. ఇంకా బాగా పనిచేస్తుంది" అన్నాడు. వ్యాపారం వాడి దగ్గరే నేర్చుకోవాలి.

ఇంటికొచ్చి ఫోన్‌లో చదివాను. నేను చదువుకున్నవాణ్ణే, ఎవరో చెప్పింది నమ్మేరకం కాదు. ఎలుకలకి వారాల తరబడి మందు తాగించారట. సగం ఎలుకలకి ఆ గింజల సారం పెట్టారట. పెట్టిన ఎలుకల లివరు పెట్టని వాటికంటే చాలా బాగుందట. మనుషుల సంగతికొచ్చేసరికి, సరైన రుజువు ఇంకా దొరకలేదు, మరిన్ని పరిశోధనలు కావాలి అని రాశారు. ఆ ముక్క ఎవరైనా రాస్తారు. ఉద్యోగాలు నిలబెట్టుకోవాలిగా.

రెండు డబ్బాలు తెచ్చాను.

మార్చి 22, శుక్రవారం

పొద్దున్నే ల్యాబుకి మిగతావాళ్ళు రాకముందు నా రక్తం నేనే తీసుకుని యంత్రంలో పెట్టాను. పేరు దగ్గర "ట్రయల్-2" అని కొట్టాను. యంత్రాన్ని సరిచూడ్డానికి అలాంటి పేర్లతో ఏవో ఒకటి పెడుతూనే ఉంటాం, ఎవరూ పట్టించుకోరు.

గామా జీటీ 96. అరవై లోపుండాలి. తాగేవాళ్ళని పట్టిచ్చే లివరు ఎంజైము అంకె ఇదే. ప్రతి శుక్రవారం చూసుకుంటాను.

మార్చి 29, శుక్రవారం

84.

మాత్ర పనిచేస్తోంది.

ఏప్రిల్ 5, శుక్రవారం

69! పొద్దున అంకె చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంకో పది దిగితే చాలు. ఇంకా ఐదు వారాలకి పైనే ఉంది.

శనివారాలు మాత్రమే తాగుతున్నాను, అదీ మాత్ర వేసుకుని. శుక్రవారానికల్లా ఒళ్ళు శుభ్రమైపోతుంది. అసలు తాగకుండా మాత్ర వేసుకుంటే అది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ మాట మా ఆవిడతో అన్నాను. కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తి పక్కన పెట్టి నావైపు చూసింది.

"నిప్పు పెట్టుకుని నీళ్ళు చల్లుకుంటారన్నమాట. పెట్టుకోకపోతే పోదా?"

"నీకు సైన్సు తెలీదు."

"నాకు మీరు తెలుసు" అంది, మళ్ళీ కత్తి అందుకుంటూ.

ఏప్రిల్ 10, బుధవారం

ఇవాళ అక్కని చూడ్డానికి వెళ్తే నన్ను గుర్తుపట్టడానికి ఓ నిమిషం పట్టింది. లివరు చెడిపోతే అంతేనట, విషమంతా మెదడుకెక్కి మనుషులు తికమక పడతారు. మేనకోడలు మందు పట్టించాక సర్దుకుంది. సర్దుకున్నాక నన్ను చూసి, "అన్నం తిన్నావా?" అంది.

తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు వాటంతట అవే బ్రాందీ షాపు వైపు తిరిగాయి. తాగే ముందు రెండు మాత్రలు, తర్వాత రెండు. ఇలాంటి రోజు లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 13

వారమంతా లెక్కలోకి రాని రోజులే. నిన్న రక్తం పెట్టలేదు. యంత్రం ఖాళీ లేదు.

ఏప్రిల్ 19, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ట్రయల్-2 పెడితే 74 వచ్చింది. పెరిగింది. రోజుకి నాలుగు మాత్రలు మింగుతుంటే ఎలా పెరుగుతుంది? మాత్ర తప్పు కాదు, మరి తప్పు ఎక్కడుంది? యంత్రంలో ఉంది. ఈ మధ్య దాని నడక నాకు నచ్చడం లేదు.

అందుకని కాలిబ్రేషన్ చేశాను. అంటే, అంకె ముందే తెలిసిన ద్రవం పెట్టి, ఇదిగో నీ కొలబద్ద అని యంత్రానికి చెప్పడం. ఆ ద్రవం కొత్త సీసా ఫ్రిజ్‌లో ఉంది. బల్ల మీద రెండు రోజులుగా మూత సరిగా పెట్టని సీసా కూడా ఉంది. ఉన్నది ఉండగా కొత్తది తెరవడం దేనికని అదే వాడాను. మూత తెరిచి ఉంటే నీరు ఆరి ద్రవం చిక్కబడుతుందనీ, చిక్కబడ్డదాన్ని కొలబద్దగా పెడితే ఆ తర్వాత అందరి అంకెలూ తగ్గి కనిపిస్తాయనీ నాకు తెలుసు. ఆ క్షణంలో తోచలేదు.

తోచలేదనే అనుకుంటున్నాను.

మళ్ళీ నా రక్తం పెట్టాను. 56. అరవై లోపు!

కాలిబ్రేషన్ తర్వాత కంట్రోల్ నడిపి, అంటే అంకె తెలిసిన ఇంకో ద్రవం పెట్టి, సరిచూసుకోవాలి. బయట అప్పటికే జనం నిలబడ్డారు, టైము లేదు. నా పేరుతో రిపోర్టు ప్రింటు తీసుకున్నాను.

ఏప్రిల్ 20, శనివారం

అక్క కళ్ళజోడు తెప్పించుకుని ఆ కాగితం చదివింది. "యాభై ఆరు" అని పైకే చదివింది. మేనకోడలు ఫోటో తీసి చుట్టాలందరికీ పంపింది. బావ నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "బామ్మర్దీ, ఇన్నాళ్ళూ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, ఏమీ అనుకోకు" అన్నాడు.

"ఏం చేశావురా, ఇంత తగ్గింది?" అని అక్క అడిగింది.

మానేశాను అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. అక్క ముందు అబద్ధమాడటం నాకు ఎప్పుడూ చేతకాదు. అందుకని, "మాత్రలు వేసుకుంటున్నాను అక్కా" అన్నాను. సంచిలోంచి డబ్బా తీసి చూపించాను కూడా. అది నిజమే కదా. అక్క ఆ డబ్బాని కిటికీ వెలుతురులో పట్టుకుని, లేబులు మీద ఉన్నదంతా పెదాలు కదుపుతూ చదివింది.

వాళ్ళింట్లో ఇంత నవ్వు విని ఎన్నాళ్ళయిందో. నాకూ చాలా సంతోషంగా ఉంది. ఇంటికొచ్చి అదే సంతోషంలో మూడు వేశాను.

ఏప్రిల్ 22, సోమవారం

పట్టుబడ్డాను.

ల్యాబు డాక్టరమ్మ పొద్దున్నే కంట్రోల్ నడిపింది. అన్నీ పాతిక శాతం తక్కువొస్తున్నాయి. కాలిబ్రేషన్ చేసిందెవరని చూస్తే నా పేరుంది. శుక్రవారం, శనివారం కలిపి ఎనభై ఒక్క మంది రిపోర్టులు తప్పు వెళ్ళాయి. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ మళ్ళీ నడిపించింది. అరవడమంటూ చేయలేదు. అరిస్తే బాగుండేది. క్షయ మందులు వాడే ఒక పెద్దాయన రిపోర్టు దగ్గర ఆగి, "ఈ అంకె చూసే ఆయనకి మందు ఆపాలా వద్దా అని తేలుస్తారు. నార్మల్ అని పంపాం మనం" అంది. ఆయనకి ఫోను నాతోనే చేయించింది. ఆయన నాకు థాంక్స్ చెప్పాడు.

జాబితా చివర ట్రయల్-2 వచ్చింది.

"ఇదెవరిది?"

"నాదేనండి."

మళ్ళీ నడిపింది. 74. ఆవిడ తెర వైపు, నా వైపు చూసింది. "యంత్రం చెప్పింది నచ్చకపోతే యంత్రాన్ని మారుస్తారా? ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని?" అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "ఎవరికైనా చూపించుకోండి. మానడానికి మందులున్నాయి, సిగ్గుపడాల్సిందేమీ లేదు" అంది.

రేపటి నుంచి యంత్రం దగ్గరికి వెళ్ళకూడదు. ముందు గదిలో రక్తం తీసే పని.

అక్కకి ఇచ్చిన కాగితం సంగతి అక్కకి చెప్పాలి. ఇప్పుడు చెప్తే బెంగ పెట్టుకుంటుంది. మే 13కల్లా నిజంగానే దిగిపోతుంది, అప్పుడు చెప్పే అవసరమే ఉండదు.

ఏప్రిల్ 30, మంగళవారం

పొద్దుటి నుంచి నూట పన్నెండు చేతులు. పిడికిలి బిగించండి, వదలండి, దూది నొక్కి పట్టుకోండి. మధ్యాహ్నానికి ఈ మూడు మాటలు తప్ప భాషంతా మర్చిపోయినట్టుంటుంది. వచ్చినవాళ్ళు నా మొహం చూడరు, సూదిని చూస్తారు, లేదా గోడని. అదొక హాయి.

యంత్రం లేకపోయాక నా అంకె నాకు తెలియడం లేదు. ఇంకో ల్యాబుకి వెళ్ళి చూపించుకోవచ్చు. వెళ్ళలేదు.

మే 5, ఆదివారం

ఇవాళ ఒక సంగతి తోచింది, తోచింది కాబట్టి రాస్తున్నాను. ఆ డబ్బా కొనకముందు మూడు రోజులు ఆగాను. చెమటలు పట్టినా, చెయ్యి వణికినా ఆగాను. డబ్బా కొన్నాక వరసగా మూడు రోజులు ఎప్పుడైనా ఆగానా అని వెనక పేజీలు తిప్పి చూశాను. మొదట్లో శనివారాలే తాగాను, మిగతా రోజులు ఆగాను. ఏప్రిల్ పదో తారీఖు తర్వాత ఒక్కసారీ లేదు.

గొడుగు చేతిలో ఉందని వానలో తిరుగుతున్నాను. లేకపోతే ఇంట్లో కూర్చునేవాణ్ణేమో.

రేపటి నుంచి నిజంగా మానేస్తాను. ఎనిమిది రోజులుంది. ఎనిమిది రోజులు చాలు.

మే 6, సోమవారం

తాగలేదు.

మే 7

తాగలేదు. మా ఆవిడ రాత్రి పక్కన కూర్చుని తడిగుడ్డతో మొహం తుడిచింది.

మే 8

తాగాను. కొంచెమే.

మే 13, సోమవారం

పరీక్షలన్నీ అయ్యాయి. గురువారం నుంచీ ముట్టుకోలేదు. ఎంజైములు బాగానే వస్తాయి, నాకు నమ్మకముంది. స్కాన్ తీసే గదిలో ఊపిరి బిగబట్టమన్నారు. బిగబట్టాను. బావ బయట బెంచీ మీద, చేతిలో నాకోసం నీళ్ళ సీసా పట్టుకుని కూర్చున్నాడు.

మే 16, గురువారం

కోఆర్డినేటర్ నన్ను ఒక్కణ్ణే లోపలికి రమ్మంది. తలుపు వేసింది. కళ్ళజోడు మొదటిసారి సర్దుకుంది.

"మీ ఎంజైములు పెద్దగా ఏం లేవు" అంది. నేను నవ్వబోయాను.

"కానీ మేం వాటిని ఒక్కటే చూడం. మనిషి తాగితే ఆ జాడ మూడు నాలుగు వారాల దాకా రక్తంలో ఉండిపోతుంది. దానికి వేరే పరీక్ష ఉంది. మీది చాలా ఎక్కువొచ్చింది."

మా ల్యాబులో ఆ పరీక్ష లేదు. అలాంటిది ఒకటుందని ఎప్పుడో చదివాను.

"స్కాన్‌లో కొవ్వు మార్చి కంటే పెరిగింది. ఈ లివరులోంచి ముక్క తీస్తే మీ ప్రాణానికీ ప్రమాదమే, ఆవిడ ప్రాణానికీ ప్రమాదమే. తీయం."

"మాత్రలు వేసుకున్నానండి. రోజూ నాలుగు." ఎందుకన్నానో తెలీదు.

"ఏం మాత్రలు?" చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. "వాటితో తాగిన లివరు బాగవుతుందని మేమెవరం అనం. కొందరికైతే ఆ సారాలతోనే లివరు దెబ్బతింటుంది. మానేయమని కదా మీకు చెప్పింది? దానికి మాత్ర అక్కర్లేదు కదండీ."

ఆరు నెలలు పూర్తిగా మానేసి వస్తే మళ్ళీ చూస్తారట. ఆరు నెలలు అక్కకి ఉన్నాయా అని అడిగాను. ఆవిడ కిటికీ వైపు చూసి, "బయటి దాత కోసం చూసేవాళ్ళ జాబితాలో ఆవిడ పేరుంది. చూద్దాం" అంది.

లేవబోతుంటే ఇంకో మాట చెప్పింది. "ఇంట్లోవాళ్ళకి మేం కారణం చెప్పం. దాత సరిపోలేదు అని మాత్రమే చెప్తాం. ఎవరికైనా అంతే, అది మా పద్ధతి. మీరు చెప్పుకుంటారా లేదా అనేది మీ ఇష్టం."

ఆవిడే బయటికొచ్చి బావకి చెప్పింది. సరిపోలేదండీ అని. బావ వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. "నువ్వేం చేస్తావోయ్. నీ వంతు నువ్వు చేశావు" అన్నాడు. ఆయన చొక్కాకి మిషన్ నూనె వాసన. నేను కూడా ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. ఏడుపు నిజమే.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఆ పిల్లిని దగ్గరికి తీసి, పాపం ఆకలితో ఉందని తల నిమిరితే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

మే 17, శుక్రవారం

అందరూ ఫోన్లు చేసి నన్ను ఓదారుస్తున్నారు.

మే 20, సోమవారం. పొద్దున.

నిన్న తాగలేదు. అదేమీ గొప్ప కాదు, తాగాలని తోచనే లేదు.

నిన్న మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్ళాను. కళ్ళు మరీ పచ్చబడ్డాయి. ఈ నెల్లోనే ఇంత పెరిగిందేమిటో డాక్టరుకి అంతు పట్టడం లేదని మేనకోడలు చెప్పి, మందులు తేవడానికి వెళ్ళింది. ముందు గదిలో బావ మిషన్ మీద కూర్చుని అక్క జాకెట్ల చేతులు సన్నం చేస్తున్నాడు. రెండు వారాలకోసారి సన్నం చేయాల్సొస్తోందట.

అక్క నన్ను మంచం అంచున కూర్చోబెట్టుకుంది. "ఏడవకురా. సరిపోకపోతే నీ తప్పేముంది. నేనూ ఊరికే కూర్చోలేదులే" అని గుసగుసగా అంటూ దిండు గలీబులో చెయ్యి పెట్టి డబ్బా తీసింది.

ఆకుపచ్చ డబ్బా.

"నీకు తగ్గింది కదా, నాకెందుకు తగ్గదు అనుకున్నాను. మీ బావకి తెలీదు. డాక్టరుకి చెప్తే వద్దంటాడని చెప్పలేదు. పక్కింటావిడతో తెప్పించుకున్నాను. నెల రోజులైంది, రోజుకి రెండు. ఇంకో దాత దొరికేదాకా ఇవైనా కాపాడతాయిగా. ఇంకోటి పెంచమంటావా?"

ఆ సారాలతోనే కొందరి లివరు దెబ్బతింటుందన్న కోఆర్డినేటర్ మాట గుర్తొచ్చింది. డబ్బా అక్క చేతిలోంచి లాక్కున్నాను. లాక్కున్న ఊపుకి అక్క భయపడింది.

"ఇంక ఒక్కటి కూడా వేసుకోకు అక్కా. ఇవి పనిచేయవు."

"నీకు చేశాయిగా? కాగితం చూపించావుగా?"

ఒక్క మాట చాలు. డాక్టరు వద్దన్నాడని చెప్పి డబ్బా తీసుకుని వచ్చేయొచ్చు. ఆ మాట నోటి చివర ఉంది కూడా. కానీ అక్క మొహంలో నమ్మకం పోలేదు. ఆ కాగితాన్ని నమ్మినంతసేపూ ఇంకో డబ్బా ఎవరితోనో తెప్పించుకుంటుంది. నా అక్క నాకు తెలుసు.

"ఆ కాగితం తప్పు. యంత్రాన్ని నేనే చెడగొట్టాను. నేను మానలేదు అక్కా. రెండు నెలలూ తాగుతూనే ఉన్నాను. మాత్ర ఉందిలే అని తాగాను. అందుకే వద్దన్నారు నన్ను."

అక్క చాలాసేపు నన్నే చూస్తూ ఉంది. మళ్ళీ తికమకపడిందేమో, నన్ను గుర్తుపట్టలేదేమో అనుకున్నాను. ఆ చూపు అది కాదు.

"నేను ఈ డబ్బా దాచుకుంటే, నువ్వు సీసా దాచుకున్నావు" అంది చివరికి. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. నా ముందే కోఆర్డినేటర్‌కి ఫోను చేయించింది. ఉన్నపళంగా ఆపేయమని, ఇవాళ పొద్దున్నే డబ్బాతో సహా రక్తం ఇవ్వడానికి రమ్మని ఆవిడ చెప్పింది. ఆపితే కొంతైనా కోలుకోవచ్చట. ఎంతో చెప్పలేనంది.

ఫోను పెట్టేశాక అక్క నా మణికట్టు పట్టుకుంది. "మీ బావకి మాత్రం చెప్పకు. ఆయన నిన్ను ఈ గడప తొక్కనివ్వడు. మాత్రలు నా అంతట నేనే వేసుకున్నానని చెప్తాను. మిగతాది మనిద్దరి మధ్యే ఉండనీ."

చిన్నప్పుడు నేను పగలగొట్టినవన్నీ తన చేతిలోంచి జారాయని అమ్మకి చెప్పేది. నాకు చాలా హాయిగా అనిపించింది, క్షణంసేపు. ఆ హాయి నాకు బాగా తెలుసు. రెండు నెలలుగా మాత్రతో పాటు మింగింది దాన్నే.

లేచి ముందు గదిలోకి వెళ్ళాను. బావ తలెత్తకుండానే, "టీ పెట్టమంటావా?" అన్నాడు. వద్దన్నాను. పక్కనున్న స్టూలు మీద కూర్చుని అంతా చెప్పాను. శనివారాలు, బుధవారం, కాలిబ్రేషన్, కాగితం, డబ్బా. మధ్యలో ఎక్కడో ఆయన కాలు మిషన్ మీద ఆగింది. చెయ్యి మాత్రం జాకెట్టు మీద అలాగే ఉంది. తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను.

నేను ఆగాక ఒక్కటే అడిగాడు.

"మానేసి ఉంటే సరిపోయేదా?"

లోపల అక్క మంచం కిర్రుమంది. వింటోంది.

"సరిపోయేది బావా" అన్నాను.

ఆయన తల ఊపాడు. జాకెట్టు సర్దుకుని రెండో చెయ్యి సన్నం చేయడం మొదలుపెట్టాడు.